ఖాతా పుస్తకం మీద బొమ్మ



పోయిన వారం ముచ్చట ఎందుకు రాయలేదని చాలామంది అడిగిన్రు. కారణం పెద్దదేం కాదు. మీటింగు అయిపోయినంక మెట్లు దిగుతుంటే కాలు మడత పడ్డది. మడిమ బెణికి ఇంత లావు ఉబ్బింది. వారం రోజులు నడవొద్దన్నడు డాక్టరు. ఆదివారం పొద్దున లేచి చూసుకుంటే పోవాల్సిన సభ లేదు, దిద్దాల్సిన కరపత్రం లేదు, ఫోన్ చేసి తిట్టేవాళ్ళు కూడా లేరు. మంచంల దిండుకు ఆనుకొని ఫోన్ పట్టుకున్న. పొద్దటి సంది రాత్రి దాకా నాకు ఇష్టమైంది చూసిన, ఇష్టమైంది చదివిన. అంతే. నిన్నటి ముచ్చట అదే.

ఇట్ల రాస్తుంటే లోపల ఎక్కడో సిగ్గు అయితున్నది. తీరిక మన ఇండ్లల్ల లేని వస్తువు. మా అమ్మ మంచంల పండుకున్నది జరమొచ్చిన రోజులల్లనే చూసిన. ఆమె ముంగట ఊకె కూసుంటే తప్పు చేసినట్టే ఉంటది. మనల్ని సోమరులని అన్నది ఎవరో తెలుసు కదా, గడి అరుగు మీద కూసొని కాలు కింద పెట్టనోళ్ళు. వాళ్ళు పెట్టిన పేరుకు భయపడి మనం తీరికను కూడా దొంగతనం లెక్క అనుభవిస్తం. ఈసారి భయపడదలుచుకోలేదు. ఒక్క రోజు తీరిక దొరికితే ఎంత దూరం పోవచ్చో మీకు కూడా చెప్పాలె.

పొద్దున మొదట కంటపడ్డది ఒక బొమ్మ. అమెరికా మైదానాల ఆదివాసులు గీసిన బొమ్మల గురించి ఎప్పుడో ఒక మిత్రుడు చెప్పిండు. వాటిని లెడ్జర్ ఆర్ట్ అంటరు. లెడ్జర్ అంటే ఖాతా పుస్తకమే, షావుకారి అప్పులు రాసుకునే పుస్తకం. కయోవా, షయెన్, లకోటా జాతులోళ్ళు అంతకు ముందు బైసన్ అనే అడవిదున్న తోలు మీద బొమ్మలు వేసేటోళ్ళు. ఎవరు ఏ యుద్ధంల ఏం చేసిండో, ఎన్ని గుర్రాలు తోలుకొచ్చిండో తోలు మీద చరిత్రగా ఉండేది. 1870లల్ల తోలు వ్యాపారులు తుపాకులతోని దిగిన్రు. కోట్లల్ల ఉన్న దున్నలు 1880లు దాటేసరికి అటూ ఇటుగా వెయ్యికి పడిపోయినయి. తోలు పీకి మిషిన్ల బెల్టులకు పంపిన్రు, మాంసం ఎండల కుళ్ళింది. దున్న పోతే ఆదివాసి లొంగుతడని సైన్యానికి తెలుసు.

దున్న పోయింది, తోలు పోయింది. చేతులు మాత్రం ఉన్నయి. కోటల్లో, అంగళ్ళల్ల, ఏజెన్సీ ఆఫీసులల్ల దొరికిన ఖాతా పుస్తకాల మీద గీయడం మొదలుపెట్టిన్రు. కొన్ని పేజీలల్ల ముందే రాసిన అంకెలు అట్లనే కనపడుతుంటయి. పిండి ఇన్ని సంచులు, చక్కెర ఇంత అని ఎవడో రాసుకున్న లెక్క. దాని మీది నుంచి ఒక ఎర్ర గుర్రం ఉరుకుతుంటది.

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయిన.

మా ఊరు జనగామ దిక్కు. మా బాపు ఒక దొర దగ్గర జీతం ఉన్నడు. 1976ల వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చినంక కూడా ఏండ్లకేండ్లు ఉన్నడు, చట్టం వచ్చిందన్న సంగతి మా వాడకు రావడానికే చానా కాలం పట్టింది. దొర ఇంట్ల ఎర్ర బట్ట అట్ట వేసిన ఖాతా పుస్తకం ఉండేదంట. అన్ల మా బాపు పేరు కింద అన్నీ ఉండేవంట: తాత చచ్చిపోయిన నాడు తెచ్చిన జొన్నలు, మా అత్త పెండ్లికి తెచ్చిన పైసలు, జరమొచ్చి పనికి పోని రోజులు. ప్రతి లెక్క కింద ఒక వేలిముద్ర. మా బాపు బతికిన డెబ్బై ఏండ్లల్ల అతని గురించి ఎవరన్నా రాసింది ఉన్నదంటే అదొక్కటే. అది కూడా అప్పు. మా బాపు దప్పు కొట్టేటోడు, ఊరి పొలిమేరల నిలబడి కొడితే అవతలి ఊరికి ఇనపడేది. దొర పుస్తకంల దప్పు లేదు.

అందుకే ఆ ఎర్ర గుర్రం నన్ను వదల్లేదు. నిన్ను లెక్క కట్టిన కాగితం మీదనే నీ బొమ్మ నువ్వు గీసుకునుడు. ఆ అంకెలు చెరిపేయాల్సిన పని లేదు. వాటి మీదికెల్లి గుర్రాన్ని ఉరికిస్తే చాలు.

ఒక బొమ్మ గురించి చెప్పి ముందుకు పోత. గీసినాయన కయోవా జాతి మనిషి, పేరు వోహా. 1877ల గీసిండు. ఇప్పుడు సెయింట్ లూయిస్‌ల ఉన్న మిస్సోరి హిస్టారికల్ సొసైటీ దగ్గర ఉన్నది. నడుమ ఒక మనిషి నిలబడ్డడు. ఒక దిక్కు అడవిదున్న, ఇంకో దిక్కు సాదు గొడ్డు. రెండిటి దిక్కూ పొగగొట్టం చాపిండు. ఒక కాలు దున్నిన చేను మీద పెట్టిండు. పైన సూర్యుడు, చంద్రుడు. మనిషి తల దగ్గర తన పేరు రాసుకున్నడు. వోహా అన్న మాట బండి తోలేటోళ్ళ అదిలింపుల నుంచి పుట్టిందంటరు, తెల్లోళ్ళ గొడ్లను మైదానాలల్ల అట్ల పిలిచేటోళ్ళంట. అంటే ఆ మనిషి పేరే గొడ్డు! గొడ్డు తింటరని మనల్ని పిలిచిన పేర్లు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్న.

వోహా ఆ బొమ్మ గీసినప్పుడు ఖైదీ. 1875ల దక్షిణ మైదానాల జాతుల నుంచి 72 మందిని సంకెళ్ళు వేసి, విచారణ లేకుండ, రైళ్ళల్ల చానా దూరం ఫ్లోరిడాల ఉన్న ఫోర్ట్ మారియన్ అనే రాతికోటకు తోలిన్రు. మూడేండ్లు అక్కడనే ఉంచిన్రు. కావలి ఆఫీసరు పేరు రిచర్డ్ హెన్రీ ప్రాట్. ఆయన వీళ్ళ జుట్టు కత్తిరించిండు, సిపాయి బట్టలు తొడిగించిండు, ఇంగ్లీషు నేర్పిచ్చిండు, కాగితాలు రంగులు కూడా ఇచ్చిండు. వాళ్ళు గీసిన పుస్తకాలు సముద్రం చూడ వచ్చిన యాత్రికులు కొనుక్కపోయిన్రు. కోటల గీసిన బొమ్మలల్ల వేట ఉన్నది, పెండ్లి ఉన్నది, తమను తీస్కపోయిన రైలు ఉన్నది, తాము కూసున్న తరగతి గది కూడా ఉన్నది.

ఆ తరగతి గది దగ్గర నా దారి మలుపు తిరిగింది.

ప్రాట్‌కు తన ప్రయోగం బాగా నచ్చింది. 1879ల పెన్సిల్వేనియా రాష్ట్రంల కార్లైల్ అనే ఊర్ల, పాత సైనిక బారకాసులల్ల, ఆదివాసి పిల్లల కోసం హాస్టల్ బడి పెట్టిండు. పిల్లగాండ్లల్ల ఉన్న ఇండియన్‌ను చంపి మనిషిని కాపాడాలె అన్నది ఆయన సిద్ధాంతం. దాచుకోలేదు, 1892ల సభల నిలబడి చెప్పిండు. జుట్టు కత్తిరించుడు, తల్లి భాష మాట్లాడితే శిక్ష, కొత్త పేరు. మొదటి బ్యాచిల పోయిన లకోటా పిల్లగాడు లూథర్ స్టాండింగ్ బేర్ పెద్దయినంక రాసిండు: పలక మీద ఏవో గీతలు ఉన్నయంట, కట్టె చేతికిచ్చి ఒకటి చూపియ్యమన్నరంట. అవి పేర్లని కూడా ఆ పిల్లగానికి తెల్వదు. వేలు పెట్టిన గీత పేరైంది.

కార్లైల్ బడి 1918ల మూతబడ్డది. దాన్ని చూసి పెట్టిన బడులు మాత్రం చానా కాలం నడిచినయి. లగూనా ప్వెబ్లో జాతి ఆడబిడ్డ డెబ్ హాలండ్ అమెరికా అంతరంగ శాఖ మంత్రి అయినంక ఆ బడుల మీద విచారణ చేయించింది. 2024 నివేదిక ప్రకారం ప్రభుత్వం నడిపిన, పైసలిచ్చిన బడులు 417. అక్కడ చచ్చిపోయినట్టు తేలిన పిల్లలు కనీసం 973 మంది. ఆ ఏడు అక్టోబరుల అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పిండు.

ఇది చదువుతుంటే నా మనసు ఎటు పోతదో మీకు తెలుసు. మీలో సగం మంది హాస్టల్ బిడ్డలే. "మనకూ ఇదే జరిగింది" అని వెంటనే రాయబుద్ధి అయితది. నేను కూడా రాసిన, రాసి కొట్టేసిన. ఎందుకంటే మనకు ఇదే జరగలేదు. వాళ్ళ పిల్లలను తల్లుల ఒడిలకెల్లి గుంజుకపోయి బడిల వేసిన్రు. మనల్ని బడి గడప తొక్కనీయలేదు. మన పెద్దలు కొట్లాడి తెచ్చుకున్నది హాస్టల్. వాళ్ళ పెద్దలు కొట్లాడి మూయించుకున్నది హాస్టల్. వాళ్ళకు ఉన్న నేలను గుంజుకున్నరు. మనకు నేలనే లేదు, చచ్చిపోతే పూడ్చ జాగ కోసం కూడా కొట్లాడినం. రెండు దుఃఖాలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు గానీ, ఒకదాని మీద ఇంకోటి పరిచి ఒకటే అనొద్దు. ఒకటే అన్నామంటే వాళ్ళ చరిత్ర మన ఉపన్యాసానికి ఉపమానంగా మిగులుతది. అది కూడా ఒక రకం గుంజుకునుడే.

ఫూలే 1873ల గులాంగిరి రాసి, నల్లజాతి బానిసలను విడిపించినందుకు అమెరికా ప్రజలకు అంకితమిచ్చిండు. సరిగ్గా ఆ రోజులల్లనే ఆ దేశపు మైదానాలల్ల దున్నలు గుట్టలు గుట్టలుగా పడుతున్నయి. ఫూలేది తప్పని అనడం లేదు. ఒకటే దేశం ఒక చేత్తో సంకెళ్ళు తీస్తుంటది, ఇంకో చేత్తో వేస్తుంటది. దూరం నుంచి చూసేటోళ్ళకు ఒక చెయ్యే కనపడుతది. మనం రెండూ చూడాలె.

మధ్యాహ్నం నా కూతురు అన్నం తెచ్చిపెట్టింది. తింటా ఇంకో బొమ్మ చూసిన. లకోటా, నకోటా జాతులకు వింటర్ కౌంట్ అని ఉన్నది, చలికాలాల లెక్క అనుకోండ్రి. ఏడాదికి ఒకటే బొమ్మ. ఆ ఏడు జరిగిన ముఖ్యమైన సంగతి ఏందో పెద్దలు కూసొని తేల్చేది, ఒక మనిషి గీసేది, అడిగినప్పుడు కథ చెప్పేది. లోన్ డాగ్ అనే ఆయన పేరు మీద ఉన్న లెక్క 1800 చలికాలం నుంచి 1871 దాకా నడుస్తది. దున్న తోలు మీద, నడుమ నుంచి మొదలై నత్తగుల్ల లెక్క బయటికి తిరుగుతది. ఒక ఏడు మనిషి ఒళ్ళంతా చుక్కలు, అంటే పెద్దమ్మ పోసింది. 1833 చలికాలం దగ్గర ఆకాశం నుంచి రాలుతున్న చుక్కలు. ఆ నవంబరుల ఉల్కల వాన పడ్డది నిజం. దాదాపు ప్రతి జాతి లెక్కల ఆ ఏడు కనపడుతది, దాన్ని పట్టుకొనే పండితులు మిగతా ఏండ్లను లెక్కగట్టుకున్నరు.

మా అమ్మకు తారీకులు తెల్వయి. మా అన్న కరువు ఏడు పుట్టిండు, ఆ ఏడు తుమ్మకాయలు ఉడకబెట్టి గొడ్లకు పెట్టిన్రంట. నేను ఇందిరమ్మను చంపిన ఏడు, మక్కలు విరిచే దినాలల్ల పుట్టిన. మా చెల్లె దొర పట్నం పోయిన ఏడు. నా సర్టిఫికెట్ల జూన్ ఒకటో తారీకు ఉంటది, బడిల పేరు రాసిన సారు వేసిన తారీకు. మీలో ఎంతమంది సర్టిఫికెట్ల జూన్ ఒకటి ఉన్నదో చేతులు లేపుండ్రి. మా అమ్మ లెక్క తప్పేం కాదు, ఇందిరమ్మ ఏడు, మక్కలు విరిచే దినాలు అంటే 1984 అక్టోబరు చివర. సారు లెక్కనే తప్పు. కానీ పాస్‌పోర్టు మీద సారు లెక్క ఉన్నది. నేను బతికినన్ని రోజులు మా అమ్మను "చదువు రాదు" అని చెప్పుకుంట తిరిగిన. ఒక ఏడాదికి ఒక గుర్తు పెట్టుకొని అరవై ఏండ్ల చరిత్ర తల్లకాయల మోస్తున్న మనిషికి చదువు రాదా?

ఇక్కడ ఇంకో మాట చెప్పాలె, ఇది మాదిగలం మనం మనకు చెప్పుకోవాల్సిన మాట. తోలు మీదనో బట్ట మీదనో బొమ్మలు చూపి చరిత్ర చెప్పుడు అనంగనే నాకు డక్కలోళ్ళు యాదికొచ్చిన్రు. మన జాంబ పురాణం చెప్పేది వాళ్ళే. చేర్యాల నకాషోళ్ళు వేసిన పటం విప్పి, మనం ఎట్ల పుట్టినమో, ఎందుకు ఇట్ల అయినమో కథ చెప్పేటోళ్ళు. పన్నెండు మెట్ల కిన్నెర వాళ్ళదే. 2022ల దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వస్తే మనం కూడా ఫోటోలు పెట్టుకున్నం. మరి మా వాడకు డక్కలాయన వస్తే ఎక్కడ కూసోబెట్టేటోళ్ళో నేను చిన్నప్పుడు చూసిన. వాడ బయట, చింతచెట్టు కింద. నీళ్ళు మీదికెల్లి పోసేటోళ్ళు. మనకు ఊరు చేసింది మనం వాళ్ళకు చేసినం. మన చరిత్రను మోసుకొచ్చిన మనిషినే గడప తొక్కనీయలేదు. అమెరికాల చెరోకీ లాంటి జాతులల్ల ఉన్నోళ్ళు నల్లోళ్ళను బానిసలుగా పెట్టుకున్న చరిత్ర ఉన్నది. ఆ వారసుల పౌరసత్వం మీద మొన్నమొన్నటి దాకా పంచాయతి నడిచింది. దెబ్బ తిన్నోళ్ళంతా మంచోళ్ళని ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టే మనం పని చేయాలె.

మూడు గంటలకు తిండి సంగతుల్లకు దిగిన. కాలు నొప్పి మర్చిపోయిన.

నవాహో జాతిని 1864ల వాళ్ళ నేల నుంచి వందల మైళ్ళు నడిపిచ్చి బోస్క్ రెడోండో అనే జాగల నిర్బంధించిన్రు. 1868ల ఒప్పందమయ్యే దాకా అక్కడనే. అలవాటు లేని గోధుమపిండి, కొవ్వు, చక్కెర రేషన్ ఇచ్చిన్రు. దాంతోని పుట్టిందే ఫ్రై బ్రెడ్ అని చెప్తరు, పిండి ముద్దను కొవ్వుల వేయించిన రొట్టె. ఇయ్యాల ఆదివాసుల జాతరలల్ల అది లేకుంట ఉండదు. కొందరు దాన్ని మమ్మల్ని బతికిచ్చిన రొట్టె అంటరు. ఇంకొందరు మాకు షుగరు అంటిచ్చిన రొట్టె అంటరు. ఇద్దరూ ఒకటే ఇంట్ల ఉంటరు.

ఓగ్లాలా లకోటా జాతి వంటమనిషి షాన్ షెర్మన్ పైన్ రిడ్జ్‌ల పుట్టిండు. 2021ల మినియాపొలిస్‌ల ఓవామ్ని అనే హోటల్ పెట్టిండు. తెల్లోళ్ళు రాకముందు ఆ నేల మీద లేనిది ఏదీ అక్కడ వండరు. గోధుమ లేదు, పాలు లేవు, చెరుకు చక్కెర లేదు, కోడి లేదు, పంది లేదు, ఆవు లేదు. అడవిదున్న మాంసం, చేపలు, మక్కలు, అడవి పండ్లు, అడవి బియ్యం. మరుసటేడు జేమ్స్ బియర్డ్ అవార్డులల్ల దేశంల మంచి కొత్త హోటలని పేరొచ్చింది.

ఆవు లేదు అన్న దగ్గర నాకు చిక్కుపడ్డది. నేను 2012ల ఉస్మానియా బీఫ్ ఫెస్టివల్ దినాల మనిషిని. పెద్దకూర నా హక్కు అని గొంతు పోయేటట్టు అరిచిన. ఇక్కడ ఈయన ఆవును పళ్ళెంలకెల్లి తీసేసి అది నా స్వేచ్ఛ అంటున్నడు. మరి మేమిద్దరం ఒకటే దిక్కు ఉన్నమా? చాలాసేపు ఆలోచించిన. అక్కడ దున్నను చంపి ఆవును తినమన్నరు. ఇక్కడ ఆవును తిన్నరని మనిషిని చంపిన్రు. తిను అన్నోడు, తినకు అన్నోడు ఒకటే మాట అంటున్నరు: నీ పళ్ళెంల ఏముండాలో నేను చెప్త. షెర్మన్ పళ్ళెం, నా పళ్ళెం వేరు. మా ఇద్దరి జవాబు ఒకటే.

జవాబు చెప్పుడు నేర్చుకోవడానికి నాకు మాత్రం చానా ఏండ్లు పట్టింది. లకోటాలు దున్న మాంసాన్ని ఎండబెట్టి, దంచి, కొవ్వు, అడవి రేగులాంటి పుల్ల పండ్లు కలిపి వాస్నా చేస్తరు. ఆ ఫోటో చూడంగనే మా ఇంట్ల దండెం మీద ఆరేసిన తునకలు కనపడ్డయి. ఎనిమిదో తరగతిల మా అమ్మ హాస్టల్‌కు వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. టిఫిన్ డబ్బాల గునుగుకూరల వేసి వండిన ఎండు తునకలు. మూత తీయంగనే నా పక్కన కూసున్న పిల్ల ముక్కు మూసుకున్నది. ఆ పిల్ల మన కులమే, అది గుర్తుపెట్టుకోండ్రి. నేను మూత పెట్టేసిన. అమ్మ బస్సు ఎక్కినంక డబ్బాను హాస్టల్ ఎనుక మోరిల ఒంపిన. కడిగి ఎండబెట్టి తర్వాతి సారి వచ్చినప్పుడు ఇచ్చిన. "మొత్తం తిన్నవా బిడ్డా" అన్నది. "తిన్న" అన్న. కార్లైల్‌ల పిల్లలకు జుట్టు కత్తిరించనీకె మనిషిని పెట్టాల్సి వచ్చింది. నాకు ఎవరినీ పెట్టాల్సిన అవసరం పడలేదు. నా కత్తెర నా చేతులనే ఉండె.

సాయంత్రం అడవి బియ్యం దగ్గరికి వచ్చిన. ఓజిబ్వే జాతోళ్ళు దాన్ని మనూమిన్ అంటరు. మినెసోటా, విస్కాన్సిన్ చెరువులల్ల, మెల్లగ పారే నీళ్ళల్ల తనంతట తానే పెరుగుతది. మన వరికి దూరపు చుట్టం మాత్రమే. నీళ్ళ మీద తిండి పండే జాగ దొరికేదాకా పడమరకు నడువుండ్రని వాళ్ళ పెద్దలకు చెప్పిన మాట ఉన్నదంట, ఆ మాట పట్టుకొని నడిచి ఆ చెరువుల దగ్గర ఆగిన్రంట. ఆగస్టు చివర, సెప్టెంబరుల తెప్పల ఇద్దరు పోతరు. ఒకరు గడతోని తెప్ప నూకుతరు, ఇంకొకరు రెండు తేలిక కట్టెలు పట్టుకొని కంకిని ఒడిలకు వంచి మెల్లగ తడుతరు. పండిన గింజే తెప్పల రాలుతది. కొన్ని నీళ్ళల్ల పడుతయి, అవి వచ్చే ఏటి విత్తనం. తర్వాత ఆరబెట్టుడు, వేయించుడు, కాళ్ళతోని తొక్కి పొట్టు తీసుడు, చెరుగుడు. చెరిగే ఆమె చేతులు చూస్తే మా అమ్మ చేతులే.

1837ల అమెరికా ప్రభుత్వంతోని ఒప్పందమైనప్పుడు, నేల ఇచ్చినా వేట, చేపలు, అడవి బియ్యం ఏరుకునే హక్కు మాదే అని ఓజిబ్వేలు కాగితంల రాయించుకున్నరు. ఆ కాగితాన్ని రాష్ట్రం మరిచిపోయింది, వాళ్ళు మరువలేదు. 1999ల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు ఒక దిక్కు, నలుగురు ఒక దిక్కు అయి, ఆ హక్కు ఇంకా బతికే ఉన్నదని తీర్పిచ్చింది. 2018ల వైట్ ఎర్త్ ఓజిబ్వేలు ఇంకో అడుగు వేసిన్రు. మనూమిన్‌కే బతికే హక్కు, పెరిగే హక్కు ఉన్నదని తమ చట్టం చేసుకున్నరు. గనుల నీళ్ళు కలిస్తే, ఆనకట్ట కట్టి నీటి మట్టం మార్చితే ఆ పైరు బతుకది. అందుకే ఆ కొట్లాట.

ఏరుకునే హక్కు. ఆ మాట దగ్గర ఫోన్ పక్కన పెట్టిన.

మన ఆడోళ్ళకు ఏరుకునే హక్కు ఏ కాగితంల ఉన్నది? చేను దొరది, కాపుది. కలుపు తీసే చెయ్యి మనది. కలుపులనే మన కూర ఉండె. గునుగు, దొగ్గలి, జొన్నచెంచలి, తుమ్మి, గంగవాయిలి, తగిరంచ, గలిజేరు. కలుపుకు పోయిన ఆడామె పొద్దుగూకే యాల్లకు కూలీ పైసలు కొంగున కట్టుకొని, కూరాకు ఒడిల వేసుకొని వచ్చేది. విత్తనం ఎవరూ పెట్టలేదు, నీళ్ళు ఎవరూ పోయలేదు, కాబట్టి ఎవరూ మాది అనలేదు. గునుగు పువ్వు బతుకమ్మ మీదికి ఎక్కుతది, గునుగాకు మన కుండలకు వస్తది. పువ్వుకున్న మర్యాద ఆకుకు లేదు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు, ఎక్కువ మంది దళిత ఆడోళ్ళే, ఈ ఆకులను సాగు చేయని పంటలని పేరు పెట్టి, పేర్లు రాయించి, జాతరల చూపిచ్చిన్రు. 2008ల సొంత రేడియో పెట్టుకొని మాట్లాడిన్రు. కలుపు అన్నదాన్ని పంట అన్నరు, చిన్న మాట కాదది.

ఇప్పుడు మా ఊర్ల అంతా పత్తి. గడ్డిమందును తట్టుకునే పత్తి గింజలకు అనుమతి లేదు, అయినా దొంగచాటుగ దొరుకుతయి. ఒక్క మనిషి ట్యాంకు వీపుకు తగిలించుకొని పొద్దటికల్లా చేను మొత్తం మందు కొడుతడు. ఇరవై మంది ఆడోళ్ళ వారం పని పోయింది. దాంతోని కూలీ పోయింది, కూర కూడా పోయింది. మన చేన్లల్ల ఎవరూ తుపాకి పేల్చలేదు, గుట్టలు పడలేదు, అందుకే ఎవరికీ కనపడలేదు. రేపు పట్నంల ఏ పెద్ద హోటలోడో గునుగాకును కొత్త సంగతని పళ్ళెంల పెడితే, మా అమ్మ దాన్ని కొనలేదు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసిన.

"కాలెట్లున్నది బిడ్డా?"

"తక్కువైంది. అమ్మా, నీకు ఎన్ని రకాల కూరాకులు తెలుసే?"

"ఇప్పుడెందుకు? కూర లేదా ఇంట్ల?"

"ఉన్నది. ఊకెనే అడుగుతున్న. చెప్పు, రాసుకుంట."

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది. ఊకె పేర్లు చెప్పలేదు. దొగ్గలి ఎక్కడ మొలుస్తది, ఏ వానకు మొలుస్తది, తుమ్మి వినాయకచవితికి ఎందుకు వండాలె, బాలింతకు ఏ ఆకు పెట్టాలె, ఏది పప్పుల వేయాలె, ఏది వట్టిగ వేయించాలె, ఏది రెండుసార్లు నీళ్ళు ఒంపకుంటే కడుపునొప్పి వస్తదో. నా కూతురు నోటుబుక్కు తెచ్చింది. అది మా సంఘం పాత చందాల పుస్తకం, ఎవరు ఎంత ఇచ్చిన్రో రాసిన అంకెలు ఉన్నయి. ఇంకో బుక్కు తెస్త అన్నది. వద్దు, దీన్లనే రాయి అన్న. ముప్పై ఒక్క పేర్లయినయి. నాకు ముఖం పట్టేది అన్ల పది కూడా లేవు.

చివరకు అడిగిన. "హాస్టల్‌కు తెచ్చిన గునుగుకూర యాదికున్నదా?"

"ఉన్నది."

"నేను తినలేదే. పారబోసిన."

"తెలుసు" అన్నది. "డబ్బా అంత తెల్లగ ఎప్పుడు కడిగినవు నువ్వు? గాని ఇప్పుడు గునుగేడున్నది, మందు కొట్టిన్రు. మీ పెదనాయిన దిబ్బ మీద నాలుగు మొలకలున్నయి, విత్తనం కట్టినంక తెంపి పెడుత. వచ్చినప్పుడు కొంటవో."

నా దగ్గర మాట లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు పెద్ద పనేం చెప్పను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పాత లెక్కల పుస్తకం ముంగట పెట్టుకోండ్రి. అమ్మనో, అమ్మమ్మనో, వాడల ఏ ముసలామెనో అడగండ్రి: నువ్వు ఏ ఏడు పుట్టినవు, ఆ ఏడు ఏం జరిగింది, అప్పుడేం తిన్నరు. చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటలనే రాయండ్రి. బొమ్మ వేయొస్తే ఆకు బొమ్మ పక్కన వేయండ్రి. డక్కలాయన కనపడితే లోపలికి పిలిచి కూసోబెట్టి కథ అడగండ్రి. ఎండిన విత్తనం దొరికితే కాగితంల చుట్టి పెట్టుకోండ్రి. వచ్చే ముచ్చటల మా అమ్మ చెప్పిన ముప్పై ఒక్క పేర్లు మొత్తం రాస్త. మీ ఊర్ల వాటిని ఏమంటరో మీరు చెప్పాలె.

వాపు తగ్గింది. రేపటి సంది మళ్ళ తిరుగుడే.

జై భీమ్.